ఆసు దారం నుంచి అధికార ముద్ర దాకా

2014 జూన్ 2, సోమవారం. పొద్దున ఎనిమిది దాటింది. రాజ్‌భవన్‌లో గవర్నర్ నరసింహన్ ఎదుట కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు ప్రమాణం చేస్తున్నారు. దేశంలో 29వ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. అక్కణ్నుంచి కాన్వాయ్ సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కు బయలుదేరుతుంది. రాత్రంతా నిద్రపోని నగరం రోడ్ల మీదే ఉంది.

ఆ సంబురం నడుమ ప్రభుత్వానికి ఒక చిన్న అవసరం పడింది. కొత్త రాష్ట్రానికి ఉత్తర్వు జారీ చేయాలంటే లెటర్‌హెడ్ కావాలి. లెటర్‌హెడ్ మీద ముద్ర కావాలి. నిన్నటి దాకా వాడిన ఉమ్మడి రాష్ట్రపు పూర్ణఘటం ముద్ర ఇక పనికిరాదు. కొత్తదాన్ని ఎవరో ఒకరు ముందే గీసి సిద్ధంగా ఉంచాలి. ప్రభుత్వం కొలువుదీరిన రోజే ఆ ముద్రకు ఆమోదం పడింది.

దాన్ని గీసినాయన పేరు ఏలె లక్ష్మణ్. ఊరు కదిరేనిగూడెం, ఆత్మకూరు (ఎం) మండలం. అప్పటికది నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. నేత కుటుంబం.

ఈ గాథలోని తేదీలు, పేర్లు, అవార్డులు అందరికీ తెలిసిన రికార్డులో ఉన్నవే. వాటి నడుమ బొమ్మ గీసేవాడి మనసులో నడిచి ఉండగల ఆలోచన మాత్రం నేను ఊహించినది.

ముందు ఆ ముద్రను దగ్గరగా చూడండి. మీ ఇంట్లో ఏ ప్రభుత్వ కాగితం మీదైనా దొరుకుతుంది. ఆకుపచ్చ వలయం. లోపల కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్. పైన అశోకుడి సింహాలు, అడుగున సత్యమేవ జయతే. వలయంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు. చూడటానికి తేలిక. గీయడానికి కూర్చుంటే తెలుస్తుంది కష్టం. తోరణానికి జంట స్తంభాలు, అడ్డదూలం, కిందికి వంగిన కొమ్ములు. చార్మినార్‌కు నాలుగు మినార్లు, కమానులు, అంతస్తులు. ఈ రెండు మహాకట్టడాలూ కలిసి రూపాయి బిళ్లంత చోటులో ఇమడాలి. తహసీల్దార్ ఆఫీసులో అరిగిపోయిన రబ్బరు స్టాంపు కొట్టినా సిరా పూడుకుపోకుండా కనిపించాలి. సభావేదిక వెనక ఇరవై అడుగులకు పెంచి కట్టినా గీత చెదరకూడదు. గీత మందం వెంట్రుకవాసి పెరిగితే మినార్ల మధ్య సందు మూసుకుపోతుంది, తగ్గితే అచ్చులో తెగిపోతుంది. అలాంటి చోట చిత్రకారుడికి పని మిగిలేది తీసివేయడంలోనే. ఏ గీత లేకపోయినా చార్మినార్ చార్మినార్‌గానే నిలుస్తుందో కనిపెట్టి, దాన్ని చెరిపేయాలి.

ఇలాంటి పని చేసినవాళ్లు చరిత్రలో తరచుగా మరుగున పడిపోతారు. స్వతంత్ర భారతానికి సారనాథ్ సింహాలను చిహ్నంగా తీర్చే పని శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుల చేతికి వచ్చింది. ఆ బృందంలో దీనానాథ్ భార్గవ అనే కుర్రవాడు సింహం ఎలా నిలబడుతుందో, ఎలా చూస్తుందో గమనించడానికి కలకత్తా జంతుప్రదర్శనశాలకు పోయి వచ్చాడంటారు. మన జేబులో ప్రతి నోటు మీదా ఆ సింహాలున్నాయి. భార్గవ పేరు ఎందరికి తెలుసు?

లక్ష్మణ్ ముద్రలో ఇంకో విశేషం ఉంది. తోరణం కాకతీయుల నాటిది. చార్మినార్ 1591 నాటిది. ఆ తర్వాత హైదరాబాద్ గడ్డ మీద లేచిన గొప్ప కట్టడాల్లో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఒకటి. ఎత్తయిన స్తంభాలు, గుమ్మం ముందు రాతి సింహాలు. నిజాం పరిపాలించినా, ఆయన ఎంతవరకు పాలించాలో నిర్ణయించే మనిషి అక్కడే కూర్చునేవాడు. ఆ భవనం ఛాయ ఈ ముద్ర మీద ఎక్కడా పడలేదు. పరాయి పాలన పోయాక తన గుర్తును తాను వెతుక్కునే జాతి, ఆ పాలన కన్నా ముందున్న కాలంలోకి వెళ్తుంది. ఆసియాలో, ఆఫ్రికాలో కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలెన్నో అదే చేశాయి. ఘనా దేశం మధ్యయుగపు రాజ్యం పేరునే తన పేరుగా తీసుకుంది. తెలంగాణకు తెల్లదొరల వలస ఒక్కటే బాధ కాదు. కింద ఊరి దొర, ఆ పైన నిజాం, ఆ పైన రెసిడెంటు. పాలమూరులోనైతే మధ్యలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల రాజులు కూడా. 1956లో ఆంధ్రతో కలిపిన తర్వాత నడిచిన దాన్ని ఉద్యమ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ తరం అంతర్గత వలస పాలన అంది. ఇన్ని పొరల కింద నుంచి లేచిన ప్రాంతానికి మొహం ఎలా గీయాలి? లక్ష్మణ్ ముందున్న ప్రశ్న ఇది. ఆయనకన్నా ముందు తరాల వాళ్లకూ ఇదే ప్రశ్న.

ఎందుకంటే మన బొమ్మను మొదట పరాయివాళ్లే తీశారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే మహా ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1890లో పాలమూరుకు పేరు మారి మహబూబ్‌నగర్ అయింది ఆ నిజాం పేరు మీదే. దీన్‌దయాళ్ కెమెరా ముందు నవాబులు, వైస్రాయిలు, వేటాడిన పులులు నిలిచాయి. ఆ పనితనానికి నేనూ దండం పెడతాను. కానీ ఆ ఫొటోల్లో నాగలి పట్టినవాడు ఎప్పుడైనా కనిపిస్తే పేరు లేని మనిషిగానే కనిపిస్తాడు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద ఇంగ్లిషులో పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. కులానికో అధ్యాయం. సమాచారం విలువైనదే. అయితే అది బ్రిటిష్ అధికారులు దేశమంతటా అలవాటు చేసిన పద్ధతి. అందులో మనిషి తన కులానికి నమూనాగా నిలబడతాడు. ఆయన ఎవరు, ఏం తలుస్తున్నాడు అన్నది ఆ పద్ధతికి అక్కర్లేదు.

దానికి మొదటి గట్టి జవాబు పాలమూరు నుంచే వచ్చింది. అలంపురం దగ్గరి ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాసిన మాటకు ఆయన తిట్టుతో బదులివ్వలేదు. జిల్లాలన్నీ కదిలించి, 354 మంది కవులను ఒకచోట చేర్చి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పేర్లు, ఊళ్లు, పద్యాలు. లేరన్నవాళ్ల ముందు మనుషుల్ని నిలబెట్టడం. ఈ గడ్డ మీద వలస చూపుకు ఇంతకన్నా సూటిగా సమాధానం చెప్పినవాళ్లు అరుదు. అక్షరంతో సురవరం చేసిన పనిని నల్లగొండ బిడ్డలు రంగుతో, గుడ్డతో చేశారని నా నమ్మకం.

గుడ్డతో చేసినాయన మిర్యాలగూడ డ్రాయింగ్ మాస్టారు.

పిట్టంపల్లి సుదర్శన్ ప్రభుత్వ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. 1988లో దర్శకుడు బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు దుస్తుల రూపకల్పన ఆయన చేతిలో పెట్టారు. కథ 1925 నాటిది. దొరసాని పెళ్లయి అత్తవారింటికి వస్తే, మంచాలూ బిందెలతో పాటు ఆమె వెంట ఒక ఆడపిల్లనూ పంపేవారు. ఆ పిల్ల పేరు కమలాక్షి. గడిలో నీళ్లు తోడాలి, కాళ్లు పిసకాలి, దొర పిలిస్తే పోవాలి. కడుపు పండితే ఆ కడుపు మీద కూడా ఆమెకు హక్కు లేదు.

ఈ పిల్లకు ఏం కట్టబెట్టాలి? డ్రాయింగ్ మాస్టారి ముందున్న పని అది. దొరల పట్టుబట్టలకు పాత ఫొటోలున్నాయి. దాసి కట్టిన చీరను ఎవరూ ఫొటో తీయలేదు, ఏ పెట్టెలోనూ దాచలేదు. అది పొట్టుపొట్టయ్యే దాకా కట్టి, ఆ తర్వాత మసిగుడ్డ అయిపోతుంది. కాబట్టి దాన్ని ఊరి ముసలమ్మల జ్ఞాపకంలోంచి, మగ్గం తెలిసినవాళ్ల వేళ్లలోంచి, మాస్టారు చిన్ననాడు చూసిన చాకిరీ ఆడవాళ్ల కట్టులోంచి తిరిగి పుట్టించాలి. కచ్చ ఎంత పైకి దోపితే బావి దగ్గర కాలికి అడ్డం పడదు? ఎన్ని ఉతుకులకు ఆ రంగు వెలుస్తుంది? కొంగు అంచు ఎక్కడ ముందు చిరుగుతుంది? తెర మీద కమలాక్షిగా నటి అర్చన నడుస్తుంటే ఆ చీర వేషంలా కనిపించదు. ఆ మనిషి బతుకంతా ఆ గుడ్డలో ఇంకిపోయినట్టుంటుంది.

1988 సంవత్సరానికి గాను 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘దాసి’కి ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం. ఉత్తమ నటి అర్చన. ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్. కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం. దుస్తులకు సుదర్శన్. ఆనాటి నుంచి ఆయన ఇంటిపేరే మారిపోయి ‘దాసి సుదర్శన్’ అయ్యారు.  2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

రంగుతో చేసినాయన, లక్ష్మణ్ దగ్గరికి మళ్లీ వద్దాం. కదిరేనిగూడెం, ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక. ఈ ఊళ్లలో బొమ్మ అనేది మొదట దారంలో పుడుతుంది. చిటికి కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మళ్లీ కట్టి, పడుగూ పేకా కలిసే చోట పువ్వు పూయించాలి. దానికంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవడం. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. సాయంత్రానికి భుజం లేవదు, చూపు మసకేస్తుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న ఆ యాతన చూడలేక, చదువు ఆరో తరగతితో ఆగిపోయినా ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లాడు కాగితం మీద బొమ్మ గీస్తే ఊరు మెచ్చుకుంటుంది, ఇల్లు భయపడుతుంది. బొమ్మలేస్తే బువ్వొస్తదా అని అడగని తల్లి ఆ రోజుల్లో ఉండదు. పల్లె చిత్రకారుడికి అప్పట్లో దారులు కూడా కొన్నే. దుకాణాలకు సైన్‌బోర్డులు రాయడం, గోడల మీద నినాదాలు రాయడం, బడిలో డ్రాయింగ్ మాస్టారు కొలువు, అదృష్టం బాగుంటే పత్రికాఫీసులో కథలకు బొమ్మలు. పైగా ఇది భువనగిరి ప్రాంతం. 1944లో ఆంధ్ర మహాసభ రెండుగా చీలింది ఇక్కడే, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన. రైతాంగ సాయుధ పోరాటం నడిచిన నల్లగొండలో గోడ మీది రాత అంటే రాజకీయం. ఆ వాసన తగలకుండా ఇక్కడ ఎవరూ బొమ్మ గీయలేరు.

లక్ష్మణ్ కాన్వాస్ మీదికి ఊరే వచ్చింది. ఆయన ఎంచుకున్నది పెద్ద పెద్ద మనిషి బొమ్మలు. ఊరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, వారి కట్టు, బొట్టు, నగ, ముడతలు. తెలంగాణ ఆడమనిషిని అంతకుముందు వైకుంఠం గీశారు. నిండైన రంగు, పెద్ద బొట్టు, గుండ్రటి ఒళ్లు. అదొక పండుగ. ఇంకో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గీతలో పల్లెలోని కామమూ కసీ కనిపిస్తాయి. లక్ష్మణ్ ఆ ఇద్దరి దారినీ పట్టలేదు. ఉన్న మనిషిని ఉన్నట్టు, పోలికతో గీయడానికి సిద్ధపడ్డారు. ఆధునిక చిత్రకళలో పోలిక గీయడాన్ని చిన్నచూపు చూసే కాలంలో అది ధైర్యం కావాల్సిన పని. ఆ బొమ్మల ముందు నిలబడితే అవతలి మనిషి మనల్ని చూస్తుంది. కులాల గ్రంథంలో నమూనాగా మిగిలిపోయిన అవ్వకు ఇక్కడ తన మొహం తనకు తిరిగొచ్చింది. ఎవరి కోసమో ఫొటోకు నిలబడినట్టు ఉండదు. కల్లం దగ్గరో, గడప ముందో మనం పోయి పలకరిస్తే తలెత్తినట్టు ఉంటుంది.

ఆ చేత్తోనే తెలంగాణ రచయితల పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన ఏళ్లలో పాటకు, సభకు, పుస్తకానికి బొమ్మ కావాల్సి వచ్చిన ప్రతిసారీ ఇలాంటి చిత్రకారులే తోడు నిలిచారు. ధూంధాం పాటల సభల్లో గొంతెత్తినవాళ్లను లోకం గుర్తుపెట్టుకుంది. వాళ్ల వెనక బ్యానర్ మీద ఉన్న బొమ్మను గీసినవాళ్లకూ అంతే వాటా ఉంది. 2014లో ముద్ర గీసే పని లక్ష్మణ్‌కు రావడం వెనక ఇదంతా ఉంది.

పదేళ్లకు ఆ ముద్ర మీదే తుపాను లేచింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 4న రేవంత్ రెడ్డి మంత్రివర్గం చిహ్నాన్ని మార్చాలని నిర్ణయించింది. కారణం స్పష్టంగానే చెప్పారు. తోరణం, చార్మినార్ రాచరికపు గుర్తులు, ప్రజల పోరాటాలూ త్యాగాలూ కనిపించే ముద్ర కావాలి. కొత్త నమూనాల పని చిత్రకారుడు రుద్ర రాజేశంకు అప్పగించారు. అమరవీరుల స్తూపం ఉన్న నమూనాలు ప్రచారంలోకి వచ్చాయి. ఆ స్తూపం వెనకా ఒక కళాకారుడు ఉన్నాడు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో నేలకొరిగిన వాళ్ల కోసం గన్‌పార్క్‌లో దాన్ని చెక్కినాయన శిల్పి ఎక్కా యాదగిరిరావు. ప్రతిపక్షం చార్మినార్ ముందు నిరసనకు దిగింది. చార్మినార్‌ను తీసేస్తే హైదరాబాద్‌ను తీసేసినట్టేనని ఒకరు, ఓరుగల్లును అవమానిస్తారా అని ఇంకొకరు. మే నెలాఖరుకు ప్రభుత్వం వెనక్కి తగ్గి చిహ్నం సంగతి వాయిదా వేసింది. జూన్ 2న కవి అందెశ్రీ గీతం రాష్ట్రగీతంగా వెలువడింది. ముద్ర పాతదే కొనసాగింది.

ఆ గొడవలో రెండు వైపులా కొంత నిజం ఉంది. తోరణం కింద పన్నులు కట్టినవాడూ, చార్మినార్‌కు రాళ్లెత్తినవాడూ ముద్రలో లేరన్న మాట నిజం. నల్లగొండలో దొర గడికి, పాలమూరులో సంస్థానం కోటకు వెట్టి చేసినవాళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఆ ప్రశ్న అడగడానికి పూర్తి హక్కుదారులు. ఇటు పక్క, రాజులు కట్టించినంత మాత్రాన కట్టడాలు రాజులవే అయిపోవన్నదీ నిజమే. నాలుగు వందల ఏళ్లుగా చార్మినార్ కింద గాజులమ్ముకు బతికిన మనిషిది కూడా అది. తెలుగు, ఉర్దూ ఒకే వలయంలో కూర్చున్న ఆ ముద్రను నేనైతే చెరపనివ్వను. ఒకే రాతిచట్రంలో ఓరుగల్లును, గోల్కొండను కలిపి నిలబెట్టడం తేలికైన ఆలోచన కాదు. ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా పెరిగింది.

కానీ ఆ వాదనలో ఇరుపక్షాలూ గమనించని సంగతి ఒకటుంది. ముద్రలో జనం ఎక్కడ అని అడిగినవాళ్లు, ఆ ముద్ర గీసిన మనిషి కాన్వాసుల వైపు ఒక్కసారి తిరిగి చూస్తే సరిపోయేది. అక్కడ జనం తప్ప ఇంకెవరూ లేరు. సర్కారు అడిగింది గుర్తు, ఆయన ఇచ్చారు. తనకు తానుగా ఇచ్చింది మనుషుల్ని. ప్రభుత్వాలు మారితే ముద్ర మారవచ్చు, మారకపోవచ్చు. లక్ష్మణ్ జీవితకృషిని ఆ ముద్రతో కొలవడం ఆయనకు అన్యాయం చేయడమే. 2019లో ఆసు యంత్రం మల్లేశం కథను దర్శకుడు రాజ్ ‘మల్లేశం’ పేరుతో సినిమాగా తీస్తే, దానికి కళాదర్శకత్వం వహించింది లక్ష్మణే. ఇల్లు, మగ్గం గుంట, గోడకు వేలాడే కండెలు, తల్లి కూర్చున్న ఆసు. అవి ఎక్కడుండాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఝాన్సీ ఆ తల్లి వేషంలో చెయ్యి ఆడిస్తుంటే థియేటర్లో ఎందరో నేతన్నల కళ్లు చెమర్చాయంటే, అందులో ఆ గది పాత్రా ఉంది.

ఇప్పుడు చెప్పదలచుకున్న మాట పాఠకులకు. సురవరం 354 మంది కవులను వెతికి పట్టుకున్నది ప్రభుత్వం చెప్పినందుకు కాదు. ఊరూరి నుంచి మనుషులు పద్యాలు పంపినందుకు ఆ సంచిక నిలబడింది. చిత్రకారుల కోసం అలాంటి సంచిక ఒకటి నల్లగొండకు, పాలమూరుకు కావాలి. డ్రాయింగ్ మాస్టార్లు, సైన్‌బోర్డు రాసినవాళ్లు, గోడల మీద నినాదం రాసి జైలుకు పోయినవాళ్లు, చీర మీద డిజైను పుట్టించి పేరు వేసుకోని నేతగాళ్లు. వీళ్ల బొమ్మలు పాత ట్రంకు పెట్టెల్లో, చెదపట్టే అటకల మీద ఉన్నాయి. ఏ ఏడాదికా ఏడాది కొందరు వెళ్లిపోతున్నారు, దాసి సుదర్శన్ వెళ్లిపోయినట్టే. మీ ఊరి బడిలో మీకు బొమ్మలు నేర్పిన మాస్టారు ఉంటే ఈ వారమే పోయి కలవండి. ఆయన గీసినవాటిని ఫొటో తీయండి, వెనక పేరు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. జిల్లా గ్రంథాలయంలో ఒక అల్మారా అడగండి. ఇవ్వకపోతే మళ్లీ అడగండి.